చేతులు ఆనించకుండా లేవడం

"అందరు కింద కూసోండ్రి అమ్మా. సకిలంముకిలం పెట్టుకొని కూసోండ్రి. కూసున్నరా? ఇగ చేతులు నేలకు ఆనించకుండ లేవుండ్రి."

బళ్ళో పేరెంట్స్ మీటింగు అది. పిల్లల మార్కులు చెప్తారు, సంతకాలు పెట్టించుకుంటారు, చాయ పోసి పంపిస్తారు అనుకుని వెళ్ళాం. ఆ పీఈటీ మేడం మమ్మల్ని వరండాలో పట్టా మీద బాసింపట్టు వేయించి కూర్చోబెట్టి ఈ తమాషా మొదలుపెట్టింది. ముప్ఫై మందిమి ఉంటాం, అందరం ఆడవాళ్ళమే. మొగుళ్ళు పేరెంట్స్ మీటింగుకి ఎప్పుడొచ్చారు గనుక!

మాది సాంచాల ఊరు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. మగవాళ్ళు షెడ్లలో బట్ట నేస్తారు, ఆడవాళ్ళు ఇళ్ళల్లో బీడీలు చేస్తారు. ఆ పట్టా మీద ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఒళ్ళోంచి బీడీల చాట దించి అట్నుంచి అటే వచ్చినవాళ్ళు. వరండా అంతా తంబాకు వాసన. కూర్చోవడం మాకు ఇంకొకరు నేర్పాలా? పొద్దున కూర్చోమంటే పొద్దుగూకేదాకా కూర్చుంటాం. లేవమంటేనే చిక్కొచ్చింది.

ఒక్కతీ లేవలేదు. ఒకావిడ పక్కావిడ భుజం పట్టుకుంది. ఇంకొకావిడ మోకాళ్ళ మీదికి వచ్చి అక్కడే ఆగిపోయి నవ్వడం మొదలుపెట్టింది. నేను బీడీలు చేయను. ఆన్‌లైన్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు పని నాది. ఇంకా నలభై నిండలేదు. వీళ్ళ సంగతి సరే, నేను లేస్తానులే అనుకున్నాను. ముందుకు వంగాను, ఊగాను, జానెడు లేచాను, ధబేల్‌మని వెనక్కి పడ్డాను. రెండు చేతులూ నేలకు ఆనించి, "అమ్మో" అంటూ లేచాను.

తలుపు దగ్గర పిల్లలు గుంపుగా నిలబడి చూస్తున్నారు. ఒకటే కిచకిచలు. వాళ్ళలో నా బిడ్డ ఉంది. ఎనిమిదో తరగతి. అది నవ్వలేదు. నేను పడటం చూసింది, ఇందులో కొత్తేముంది అన్నట్టు ముఖం పెట్టి క్లాసులోకి వెళ్ళిపోయింది. నవ్వినా బాగుండేది.

అప్పుడు మేడం అంది కదా, "చూసిండ్రా అమ్మా? పిల్లలు మనల్ని చూసే నేర్సుకుంటరు. తల్లి, తండ్రి కదిలితే పిల్లలు కదుల్తరు. ఇంట్ల మనం కూసుంటే వాళ్ళు గూడ కూసుంటరు. మా పిల్లలు ఫోన్ ఇడుస్తలేరు, ఆటకు పోతలేరు అని నాకు చెప్పకుండ్రి. ముందుగాల మీరు లేవుండ్రి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ట్రాక్ ప్యాంటు వేసుకుని, మెడలో విజిల్ వేలాడేసుకుని మాకు చెప్పొచ్చింది!

"మేడం, జర ఆగుండ్రి," అన్నాను. "ఎవలకు చెప్తున్నరు ఈ ముచ్చట? గీ అక్కను చూడుండ్రి. నాలుగు గంటలకు లేస్తది. నీళ్ళు పట్టి, బోళ్ళు తోమి, వండి, మొగన్ని షెడ్డుకు తోలి, పిల్లల్ని బడికి తోలి అప్పుడు చాట పట్టుకుంటది. షోకు కొద్ది కూసున్నమా మేము? మీకు జీతమిచ్చుడే ఉరుకుమని. మాకు పైసలిచ్చుడే కూసోమని. మీకేం ఎరుక?"

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మేడం ముఖం ఎర్రబడింది. ఆమె నాతో వాదన పెట్టుకోలేదు. దగ్గరికొచ్చి చిన్నగా, నా ఒక్కదానికే వినబడేట్టు అంది.

"నేను వాళ్ళను అంటలేను అక్కా. మీ బిడ్డ మస్తు ఉరికేది."

చెప్పులేసుకుని వచ్చేశాను. దారి పొడుగునా అందరూ "మంచిగ అడిగినవ్ అక్కా," "గట్ల ఉండాలె" అంటూనే ఉన్నారు. నేనూ తల ఊపుతూనే ఉన్నాను. వాళ్ళకు చెప్పని సంగతొకటి ఉంది. ఆ మేడం "ఉరికేది" అన్నదెందుకో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు, నా బిడ్డకూ తెలుసు. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా అవ్వ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మా అవ్వది, అంటే మా అమ్మది, బీడీల పని, బాపుది సాంచాల పని. బాపు ఎనిమిది సాంచాలు నడిపేవాడు. ఇక్కడ నూలు కండె అయిపోతే మార్చాలి, అక్కడ పోగు తెగితే ముడెయ్యాలి, ఇంతలో ఇంకోటి ఆగిపోతుంది. పన్నెండు గంటలూ ఆ సందుల్లో తిరగడమే. ఆ షెడ్డులో కూర్చోవడానికి ఒక స్టూలైనా ఉండేది కాదు. ఇంటికొచ్చాక కూడా బాపు గోడకు ఆనుకుని నిలబడే చాయ తాగేవాడు. కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి కాదనేవాడు.

మా తమ్ముణ్ణి బాపు తన వెంట తిప్పుకునేవాడు. షెడ్డుకు చాయ తీసుకెళ్ళడం, కండెల బుట్ట మోయడం, షెడ్డు ఆసామి ఇంటికి కబురు తీసుకెళ్ళడం, అన్నీ వాడే. ఉరుక్కుంటూ వెళ్ళి ఉరుక్కుంటూ వచ్చేవాడు. నన్ను అవ్వ తన పక్కన కూర్చోబెట్టుకుంది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ముందు తడి గోనెసంచిలోంచి తునికాకు తీసి ఇవ్వడం, తర్వాత అచ్చు పెట్టి కత్తెరతో కోయడం, ఆ తర్వాత అవ్వ చుట్టిన బీడీకి మూతి మలవడం. గుమ్మం బయట పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే నా మెడ అటే తిరిగేది. లేవబోతే అవ్వ గౌను పట్టుకుని కిందికి గుంజేది.

"కూసోయే. ఇంక కట్టలు కావాలె."

అబద్ధమెందుకు చెప్పాలి, మా ఇద్దరిలో వేగంగా ఉరికేది నేనే. జెండా పండగనాడు బళ్ళో పరుగుపందెం పెడితే నేను ఫస్టొచ్చాను. తమ్ముడు వాళ్ళ పందెంలో నాలుగో వాడు. నాకు స్టీలు గిన్నె ఇచ్చారు. దాన్ని ఛాతీకి అదుముకుని ఇంటికి పరిగెత్తాను. అవ్వ అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగున్నది," అని అందులో తంబాకు పోసింది. అవ్వకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు. పాత గిన్నెకు చిల్లు పడిందట. ఆ గిన్నె ఇప్పటికీ అవ్వ చాట పక్కనే ఉంటుంది. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

తమ్ముడు పోలీసు సెలక్షన్లలో పరుగు పాసయ్యాడు. కానిస్టేబుల్ అయ్యాడు. "బాపు కాళ్ళు వచ్చినయ్ పోరనికి" అని వాడకట్టంతా మెచ్చుకుంది. నన్ను చూడ్డానికొచ్చిన పెళ్ళివాళ్ళు అడిగిన మొదటి మాట, "బీడీలు చేయొస్తదా?" మా దిక్కు అందరూ అడిగేదే. అవ్వ ఎంత గర్వంగా చెప్పిందో! "అయ్యో, మస్తు వేగం. అన్ని నా చేతులే వచ్చినయ్ దానికి."

ఎవరికి ఎవరివి వచ్చాయి? వాడికి బాపు కాళ్ళు రాలేదు. బాపు వెనక తిరగనిచ్చారు. నాకు అవ్వ చేతులు రాలేదు. అవ్వ పక్కన కూర్చోబెట్టారు. ఇంత చిన్న సంగతి వాడకట్టులో ఒక్కరికీ తట్టలేదు, అదీ నా మంట.

నా కడుపున ఆడపిల్ల పుట్టినరోజే ఒట్టు పెట్టుకున్నాను, దీని చేయి చాట మీద పడనివ్వనని. దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేశాను. కంప్యూటర్ నేర్చుకున్నాను. ఆన్‌లైన్ సెంటర్‌లో కుదిరాను. కుల సర్టిఫికెట్లు, ఆదాయం సర్టిఫికెట్లు, హాల్ టికెట్లు, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా ఒకటే కుర్చీ. మా ఆయన ఆటో నడుపుతాడు, ఆయన సంపాదనా కూర్చునే. ఇంటికి రాగానే నేను మంచం మీద ఫోనుతో, ఆయన కుర్చీలో ఫోనుతో, మా మధ్యలో బిడ్డ. అవ్వ ఇంటికి వెళ్ళినప్పుడల్లా గొప్పలు చెప్పేదాన్ని, "చూసినవానె, నా బిడ్డ ఇయ్యాల్టిదాకా చాట ముట్టలే" అని. ముట్టలేదు, నిజమే. అంతకంటే ఏం చూశాను నేను?

నిరుడు బిడ్డ ఏడో తరగతిలో ఉండగా ఈ మేడం బళ్ళోకొచ్చింది. ఆసిఫాబాద్ దిక్కు పిల్ల. వచ్చీ రాగానే ఆడపిల్లలతో ఖోఖో టీము తయారుచేసింది. నా బిడ్డ అందులో చేరింది. ఇగ చూడాలి, మోకాళ్ళు గీరుకుపోయి, జడలు ఊడిపోయి, యూనిఫాం అంతా ఎర్రమట్టితో ఇంటికొచ్చేది. వచ్చీ రాగానే "ఆకలైతుంది మమ్మీ" అని గిన్నెలు వెతికేది. మట్టి మరకలు పోవడం లేదని తిట్టడమే గాని, ఎట్లా ఆడావని ఒక్కనాడూ అడగలేదు నేను. అదే చెప్పేది.

"ఖోఖోల కూసున్నోళ్ళకే పని ఎక్కువ మమ్మీ. వరుసగ గొంతుక్కూసుంటం. ఉరికేటోళ్ళు ఎన్కకెళ్ళి వచ్చి వీపు మీద సరిసి 'ఖో' అంటరు. అన్నరంటే లేవాలె. ఎప్పుడంటరో ఎరుక ఉండది. రెడీగ ఉండాలె."

మండలం ఆటలు హుస్నాబాద్‌లో జరిగాయి. వీళ్ళ టీము గెలిచింది. నలుగుర్ని జిల్లా సెలక్షన్లకు రమ్మన్నారు. అందులో ఇదొకటి. గురువారం కరీంనగర్‌లో సెలక్షన్లు. సోమవారం నాడు ఇది పెద్దమనిషయింది.

అవ్వ వచ్చింది. మా అత్త వచ్చింది. కొత్త చాప, మూలకు తడక, వేరే కంచం, వేరే గ్లాసు, నువ్వుల ముద్దలు, ఎండుకొబ్బరి కుడుకలు. తొమ్మిది రోజులు కూర్చోబెట్టాలి, గడప దాటకూడదు అన్నారు. నేను డిగ్రీ చదివినదాన్ని. ఆన్‌లైన్ సెంటర్‌లో ఊరందరికీ కాగితాలు తీసిచ్చేదాన్ని. ఒక్క మాట అడ్డం చెప్పానా? లేదు. పైగా అందరికంటే నాకే హుషారెక్కువ. ఫ్లెక్సీ నేనే ఆర్డరిచ్చాను, దాని ఫొటో చుట్టూ పూలు పెట్టించి. పట్టుచీర కొన్నాను. నా టైముకు నాకు ఫంక్షనేమీ జరగలేదు. తొమ్మిది రోజులు మూలన కూర్చోబెట్టారు, నాలుగోనాడు అవ్వ ఆకు, కత్తెర తెచ్చి నా ముందు పెట్టింది. "ఎట్లైన కూసున్నవ్ గదా," అంది. నా బిడ్డకు అట్లా కాకుండా ఘనంగా చేయాలని నా కడుపులో ఉంది. ఘనంగా కూర్చోబెట్టాను.

బుధవారం పొద్దున మేడం స్కూటీ వేసుకుని ఇంటికొచ్చింది. గేటు బయటే నిలబడి బతిమాలింది.

"అక్కా, ఒక్క దినం. నేనే తీస్కపోత, నేనే తెస్త. ఎక్కడ కూసోబెట్టాల్నో అక్కడ కూసోబెట్టి పోత. గిట్ల ఉరికే పిల్ల మళ్ళ దొరుకది అక్కా."

లోపల తడక కదిలింది. నా బిడ్డ చాప మీద లేచి నిలబడింది. తడక మీంచి దాని కళ్ళు కనిపించాయి. నేను చూశాను. చూసి, దాని వైపు వేలు పెట్టి, "కూసో," అన్నాను. తర్వాత మేడం వైపు తిరిగి, "ఇగ పెద్దమనిషైంది మేడం. ఉరుకుడు చాలు తీయుండ్రి," అన్నాను.

మంచినీళ్ళైనా ఇవ్వలేదు ఆ పిల్లకు. ఎండలో వచ్చింది, ఎండలోనే పోయింది.

ఫంక్షన్ బాగానే జరిగింది. ఊళ్ళో అందరూ తిన్నారు, ఫొటోలు దిగారు. మేడం మళ్ళీ గ్రౌండుకు రమ్మని కబురు పెడితే బిడ్డ వెళ్ళలేదు. ఒకరోజు కడుపునొప్పి అంది, ఇంకోరోజు ఎండ అంది, మూడోసారి ఏమీ అనలేదు. ఏడాది గడిచింది. బడి, ఇల్లు, ఫోను. పైన ట్యాంకులో నీళ్ళు చూసి రమ్మంటే సగం మెట్ల మీదే ఆయాసం. ఆ ఏడాదంతా దాన్ని నేను ఏమని పిలిచానో తెలుసా? "మొద్దు," "బద్దకపుదానా," "తిని కూసునేదానా." సిగ్గులేకుండా అన్నాను.

మీటింగునాడు ఇంటికి వచ్చేసరికి అది ఎప్పట్లాగే గోడకు ఆనుకుని ఫోను పట్టుకుని ఉంది. మేడం మీద కోపం, పట్టా మీద పడ్డ సిగ్గు, అన్నీ కలిపి దాని మీద విరుచుకుపడ్డాను.

"నీ పాడుగాను, నీ వల్ల అందరి ముందట నా ఇజ్జత్ పోయింది! లేవ్! గ్రౌండుకు పో! పందెం పెట్టుకొని కూసున్నవా ఏంది?"

అది తలెత్తలేదు.

"నువ్వే గద కూసోమన్నవు," అంది. "కూసున్న."

గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. ఊరికే చెప్పింది. నేను ఫోను గుంజి విసిరేశాను. అద్దం పగిలింది. అది పగిలిన ఫోను వైపు ఒకసారి చూసి గోడ వైపు తిరిగి పడుకుంది. అది ఏడ్చి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది.

అదే ఊపులో అవ్వ ఇంటికి వెళ్ళాను. రెండు సందుల అవతలే. బాపు పోయి నాలుగేళ్ళయింది, అవ్వ ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళు పూర్తిగా పోయాయి. చాట ముందు నుంచి పొయ్యి దాకా కూర్చునే జరుక్కుంటూ పోతుంది. నన్ను చూసి చాట పక్కకు పెట్టబోయింది.

"నన్నెందుకు కూసోబెట్టినవే?" అని అరిచాను. "వాణ్ణి బాపు ఎంబడి తోలితివి. నన్నెందుకు కూసోబెడితివి? మొదటొచ్చిన నేను. ఎరుకేనా నీకు?"

అవ్వ బెదరలేదు. తంబాకు వేళ్ళు దులుపుకుంది.

"ఎరుకే. గిన్నె తెచ్చినవు గద," అంది. "నిన్ను ఆ షెడ్డుకు ఎట్ల తోలుదు? నలుగురు మొగోళ్ళ నడుమకు? నేను గూడ ఉరికినదాన్నే బిడ్డా. మా తల్లిగారు ఖానాపూర్ దిక్కు. మక్క చేన్ల పిట్టల్ని కొట్టుకుంట ఒడ్ల మీద ఉరికేదాన్ని, మా అన్నలు నన్ను పట్టకపోదురు. పెండ్లి చేసి గీ ఊరికి తోలిండ్రు. అత్త తెల్లారే చాట ఒళ్ళె పెట్టింది. గప్పటిసంది లేవలే."

నాకు ఆ సంగతి తెలియదు. మా అవ్వ ఉరికిందని నలభై దగ్గరపడేదాకా నాకెవరూ చెప్పలేదు. అయినా కోపం దిగలేదు.

"మరి నా బిడ్డనన్న ఇడువకపోతివి? తొమ్మిది దినాలు కూసోబెట్టాలె అన్నది నువ్వు గాదా?"

"నేనే అన్న," అంది అవ్వ. "నాకు గదే ఎరుక, గదే చెప్పిన. నువ్వు సదువుకున్నదానివి గదనే. నువ్వెందుకు వద్దనలే?"

ఆ మాటకు ఇంకా మండిపోయి ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే మా ఆయన బూట్లు వేసుకుని, పంజాబీ డ్రెస్సు మీద చున్నీ బిగించి కట్టుకుని బడి గ్రౌండుకు వెళ్ళాను. బిడ్డను రమ్మనలేదు. "పిల్లలు మనల్ని చూసే నేర్సుకుంటరు" అన్నది కదా ఆ మేడం, ఆ మాటకు ఎదురు చెప్పి వచ్చాను కదా, మరి ఆ మాటే నా చెవుల్లో పోరుతూ ఉంటే ఏం చేయను! మేడం అటువైపు నలుగురు పిల్లలతో ఖోఖో ఆడిస్తోంది. నన్ను చూసింది, పలకరించలేదు. నేనూ పలకరించలేదు. ప్రహరీ వెంబడి సగం చుట్టు నడిచేసరికి ఊపిరి అందలేదు. ఉరకడం మొదలుపెడితే పది అడుగులకే పక్కలో పోటు. ఒకప్పుడు గిన్నె గెలిచిన ఒళ్ళేనా ఇది అని నన్ను నేనే తిట్టుకున్నాను.

వాడకట్టుకు మంచి కాలక్షేపం దొరికింది. "ఏందక్కా, కానిస్టేబుల్ సెలక్షన్లా?" అని ఒకరు, "తమ్మునికి ఉత్తరం రాయుండ్రి, అక్క వస్తున్నదని," అని ఇంకొకరు. మా ఆయన బూట్ల గురించి గొణిగాడు. ఆయనకు కూడా ఓ రోజు గట్టిగానే చెప్పాను, "నీకు అంత ఫికర్ ఉంటే నువ్వే ఏసుకొని ఉరుకు" అని. వారం అయ్యాక వేరే జత కొనుక్కుని ఆయన కూడా గేటు దాకా నడిచి వచ్చాడు, గేటు దగ్గర చాయ బండి ఉందిలెండి.

అన్నిటికంటే కష్టం, నోరు కట్టేసుకోవడం. పొద్దున బయల్దేరేటప్పుడు బిడ్డ దుప్పట్లోంచి చూసేది. "రావే" అన్న మాట నాలుక చివర దాకా వచ్చేది. మింగేసేదాన్ని. దాన్ని లేవమనే హక్కు నాకు ఎక్కడుంది? రెండు వారాలు గడిచాయి. ఒకరోజు గ్రౌండులో స్టేజీ మెట్ల మీద అది కూర్చుని కనిపించింది. బుగ్గ కింద చేయి పెట్టుకుని, ముఖం గంటు పెట్టుకుని చూస్తోంది. నేను చూడనట్టే ఉరికాను. మూడో మలుపులో ఇగ తట్టుకోలేక అరిచింది.

"మమ్మీ! మడిమలు గట్ల గుద్దకు! మోకాళ్ళు పోతయ్. పాదం ముందటి భాగం మీద ఉరుకు!"

"నువ్వొచ్చి చూపియ్యి మరి!" అని నేనూ అరిచాను.

"నేనెందుకు చూపియ్యాలె?" అని లేచి వెళ్ళిపోయింది.

తర్వాతి రోజు మళ్ళీ వచ్చింది, ఈసారి బడి సంచి తగిలించుకుని. నేను చుట్టు పూర్తి చేసి వచ్చేసరికి ఖోఖో గీతల దగ్గర నిలబడి ఉంది. మేడం, పిల్లలు అప్పటికి సామాను సర్దుకుంటున్నారు. బిడ్డ సంచిలోంచి లెక్కల నోటుబుక్కు తీసి, అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం బయటికి తీసింది. మడతల దగ్గర నలిగి మురికిగా ఉంది. ఈ ఏడు జిల్లా సెలక్షన్లకు తల్లిదండ్రుల అంగీకార పత్రం. ఇట్లాంటి కాగితాలు రోజుకు వంద చూస్తాను, దూరం నుంచే గుర్తుపట్టాను.

"మేడం ఎప్పుడిచ్చింది?"

"పది దినాలైంది. నిరుడు నా పేరుండె గద అని ఇచ్చింది. ఇయ్యాల్నే ఆఖరు."

"పది దినాలు ఎందుకు చెప్పలేదే?"

"మళ్ళ కూసోమంటవని."

అది నా ముఖంలోకే చూస్తూ అడిగింది, "నిరుడు మేడం ఇంటికొచ్చిన్నాడు చాప మీంచి లేసిన. నువ్వు చూసినవా?"

చూడలేదని చెప్పొచ్చు. అత్త మీద, అవ్వ మీద నెట్టొచ్చు. అన్ని సాకులూ గొంతు దాకా వచ్చాయి.

"చూసిన," అన్నాను.

తల ఊపింది. నేను చూశానని దానికి ముందే తెలుసు. నా నోటితో చెప్పిస్తోంది, అంతే. కాగితం వెనక్కి దాచుకుంది.

"అయితే కూసో," అంది. "మీటింగుల అందరి ముందట పడ్డవ్ గద. ఇప్పుడు లేవ్. చేతులు నేలకు ఆనకుండ లేస్తేనే కాగితం ఇస్త. లేకపోతే నేను పోను."

"పిచ్చా ఏందే నీకు? టైమైతుంది..."

"కూసో మమ్మీ."

నేను దానికి ఆ మాట ఎట్లా చెప్పానో అచ్చం అట్లాగే చెప్పింది. మట్టిలో కూర్చున్నాను. అది నా వెనక్కి వచ్చి వీపు మీద చరిచి, "ఖో" అంది. చరిచిందా, కొట్టిందా? చుర్రుమంది. ఏడాది కోపం ఉంది ఆ అరచేతిలో. లేవబోయాను, పడ్డాను. చేతులు ఆనాయి.

"మళ్ళ."

మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ చరిచింది. మోకాలు కలుక్కుమంది, పక్కకు ఒరిగి మోచేయి గీరుకుంది. అటువైపు మేడం, పిల్లలు సర్దడం ఆపి చూస్తున్నారు. చూడనీ. దాని ముఖం వైపు చూశాను. పళ్ళు బిగించి ఉంది. ఇది పంతానికి నిజంగానే వెళ్ళదు. దీని రక్తం నాకు తెలీదా? భయం వేసింది నాకు.

"మళ్ళ," అంది.

కాళ్ళు దగ్గరికి లాక్కున్నాను. నిన్న అది చెప్పినట్టు బరువు పాదం ముందు భాగం మీద పెట్టాను. చరిచింది. అవ్వను, అత్తను, ఫ్లెక్సీని, తంబాకు గిన్నెను, నన్ను, అందర్నీ ఒక బూతు తిట్టు తిట్టుకుని లేచాను. లేచి తూలిపోయి దాని భుజం పట్టుకున్నాను.

"పట్టుకున్నవ్. చెల్లది."

"నేలకు ఆనలే గదనే! నువ్వు నేలవా?"

అది నవ్వు ఆపుకోబోయింది. కుదరలేదు. ముక్కులోంచి బయటికొచ్చింది. అది నవ్వగా విని ఎన్నాళ్ళయిందో! వెంటనే మళ్ళీ ముఖం బిగించుకుని, సంచిలోంచి పెన్ను తీసి నా చేతికిచ్చింది. సంతకం పెట్టడానికి అక్కడ బల్లా లేదు, గోడా లేదు. అది వెనక్కి తిరిగి వంగింది. దాని వీపు మీద కాగితం పరిచి సంతకం పెట్టాను. అది ఊపిరి తీసినప్పుడల్లా అక్షరాలు వంకరపోయాయి.

"అయిందా?" అంది వంగే.

కాగితం దాని చేతిలో పెట్టాను. అరచేత్తో ఆ వీపు మీద ఒక్కటి చరిచి "ఖో" అన్నాను. అనమని అది చెప్పలేదు.

మేడం వైపు ఉరికింది. మడిమలు నేలకు తగలడం లేదు. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే తిట్టేదాన్ని.